దిగకండి, విసరండి

డిసెంబర్ 4, గురువారం

రింగులు వచ్చాయి.

రాజమండ్రి నుంచి పార్సిల్ లారీలో, ఎవరివో సిమెంటు రేకుల మీద పడుకుని వచ్చాయి. నాలుగు ఆరెంజ్ రింగులు, ఒక్కొక్కటి కారు టైరంత. ఒక్కోదానికి ఒక తాడు చుట్ట, తగిలించడానికి ఒక ఇనప స్తంభం. మా ఆయన శ్యాం టెన్త్ బ్యాచ్ వాళ్ళు పంపారు. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో శ్యాం నంబరుతో నన్ను ఇంకా ఉంచారు, తీసెయ్యడానికి మొహమాటం కాబోలు. శ్యాం పేరు మీద అన్నదానం చేద్దామా అని వాళ్ళు అనుకుంటుంటే మధ్యలో దూరి, అన్నం అందరూ పెడతారు, మా సరుగుడుపాలెం బీచ్‌కి లైఫ్ రింగులు కొనివ్వండి అన్నాను. అడిగింది అంతే.

వాళ్ళలో అప్పాజీ గారు నేవీలో పనిచేసి వచ్చారు. ఫోన్ చేసి, చూడమ్మా కళా, విసిరేవాళ్ళు తాడు కొస ఒడ్డున గట్టిగా పట్టుకోవాలి, తాడుంటేనే అది రింగు, లేకపోతే ఉత్త టైరు అన్నారు. రెండుసార్లు చెప్పారు. నేనూ క్లాసులో అన్నీ రెండుసార్లు చెబుతాను కాబట్టి ఊరుకున్నాను.

అత్తయ్య వచ్చి రింగుని బొటనవేలితో నొక్కి చూసింది. ఇది మనిషిని మోస్తుందా అని అడిగింది. ఇద్దర్ని మోస్తుందన్నాను. లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం తినలేదు.

రెండేళ్ళ కిందట కార్తీక మాసంలో ఈ బీచ్‌లోనే ఎవరి పిల్లాడో మునుగుతుంటే శ్యాం ప్యాంటుతోనే దిగాడు. పిల్లాణ్ణి ఒడ్డువైపు తోశాడు. తను రాలేదు. ఒడ్డు నిండా జనం ఉన్నారు. విసరడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఎవరో తువ్వాలు విసిరారట. ఆ తువ్వాలు సంగతి నాకు చెప్పకుండా ఉండాల్సింది.

డిసెంబర్ 9, మంగళవారం

సర్పంచ్ సురేష్‌బాబు శ్యాంకి పెదనాన్న కొడుకు, నాకు బావగారు. ఈ ఆదివారానికల్లా స్తంభాలు పాతించెయ్యండి బావగారూ అని అడగడానికి వెళ్ళాను. మహా సంతోషించారు. ఇంత మంచి పని చాటుగా చేసుకుంటామా అమ్మా, పెద్దాయన్ని పిలిచి గ్రాండ్‌గా ఓపెనింగ్ చేయిద్దాం, మన శ్యాం పేరు మైకులో చదివిద్దాం అన్నారు. పెద్దాయన అంటే పార్టీ పెద్దాయన. ఆయన పేరు ఊళ్ళో ప్రతి గోడ మీదా ఉంది, నా డైరీలో కూడా ఎందుకు.

ఎప్పుడండీ అన్నాను. ఇప్పుడు శుక్రమూఢం కదమ్మా, ఫిబ్రవరి మూడో వారం దాకా ముహూర్తాల్లేవు, మూఢంలో ఎవరైనా ఓపెనింగ్ పెడతారా అన్నారు. మాఘ పౌర్ణమి ఫిబ్రవరి ఒకటోతారీకున వస్తోంది బావగారూ, సముద్రస్నానాలకి చుట్టుపక్కల ఊళ్ళన్నీ మన బీచ్‌కే దిగుతాయి అన్నాను. చూద్దాంలే అన్నారు.

చూద్దాంలే అన్నవాళ్ళెవరూ ఇంతవరకూ ఏమీ చూడలేదు.

డిసెంబర్ 10

శుక్రుడు మళ్ళీ కనబడేదాకా ఎవర్నీ ముంచొద్దని సముద్రానికి కూడా ఎవరైనా వెళ్ళి చెప్పి వస్తే బాగుణ్ణు.

డిసెంబర్ 21, ఆదివారం

స్తంభాలు పాతారు. కాంక్రీటు పోసి, బలంగా. రింగులు తగిలించారు, తాళ్ళు కింద కొక్కేనికి వేశారు. చూడగానే కడుపు నిండినట్టయింది. అంతలో పంచాయతీ మనిషి నీలం టార్పాలిన్ పట్టాలు తెచ్చి, ఒక్కొక్కదానికీ తలనుంచి మొదలు దాకా చుట్టి, పురికొసతో బిగించి కట్టేశాడు. ఓపెనింగ్ అయ్యేదాకా ఎవరూ చూడకూడదట. ఇప్పుడు బీచ్‌లో నాలుగు నీలం దెయ్యాలు నిలబడ్డాయి.

బోర్డు మీద ఏం రాయాలో నన్ను రాసిమ్మన్నారు. టీచర్‌ని కదా. ఇలా రాసిచ్చాను: ఎవరైనా మునుగుతుంటే మీరు దిగకండి. రింగు విసరండి. తాడు వదలకండి. ఇంకేం రాయలేదు. శ్యాం పేరు కింద చిన్న అక్షరాల్లో చాలన్నాను.

అబద్ధం. పెద్ద అక్షరాల్లో ఉండాలనే ఉంది.

డిసెంబర్ 27, శనివారం

గుడి పంతులు గారి దగ్గరికి వెళ్ళాను. మూఢంలో పట్టా విప్పితే దోషమా అని సూటిగా అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి నవ్వారు. మూఢం పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీనమ్మా, నీళ్ళలో పడ్డవాడికి తాడందించడానికి మూఢమేమిటి, రేపే విప్పుకోండి అన్నారు.

ఎగురుకుంటూ బావగారి దగ్గరికి వెళ్ళాను. పంతులు గారిదేముంది, ఆయన ఏదైనా చెబుతారు, పెద్దాయన పట్టింపు మనిషి కదా అన్నారు. ఊరందరికీ పెళ్ళి ముహూర్తాలు పెట్టే మనిషి మాట దీనికి మాత్రం చెల్లలేదు.

జనవరి 3, శనివారం

పోనీ పెద్దాయన్ని తరవాత పిలుచుకోండి, ఈ ఆదివారం నేనే పట్టాలు విప్పేస్తాను అన్నాను. బావగారు నేల చూశారు. అక్కయ్య, అంటే ఆయన భార్య, నేల చూడలేదు. నన్నే చూసి, నువ్వు ఏమీ అనుకోకు కళా, ఏదైనా మొదలుపెట్టడానికి ఒక ముత్తైదువ చెయ్యి పడాలి కదా అంది. ఎంత మెత్తగా అందంటే, థాంక్స్ చెప్పి వచ్చేశాను.

అత్తయ్యకి చెప్పాను. ఆవిడా అదే మాట అంది. వాళ్ళన్నది తప్పేం కాదు, మీ మామయ్య పోయాక నేను ఎవరి పేరంటానికైనా ముందు నిలబడ్డానా, నీకేం కొత్తా అంది. ఇరవై ఏళ్ళుగా వెనక వరసలో కూర్చుని ఆ వరస తనదే అనుకుంటోంది. నాకు ఒళ్ళు మండింది. పెరుగు వెయ్యకుండానే లేచిపోయాను.

జనవరి 16, కనుమ

బీచ్ నిండా జనం. కార్లు, డీజేలు, మందు. ఊహించిందే జరిగింది. ఎవరో కుర్రాడు నడుం లోతు దాటి వెళ్ళి తేలుతూ మునుగుతూ కేకలేశాడు. అదృష్టం, చేపల వేట చేసే యెహెజ్కేలు గారి పడవ అప్పుడే ఒడ్డుకొస్తోంది. జుట్టు పట్టుకుని లాగారు.

నేను ఒక స్తంభం దగ్గరే ఉన్నాను. నీలం పట్టా మీద ఎవరివో చొక్కాలు, ఒక జీన్సు ప్యాంటు ఆరేసి ఉన్నాయి. పాపం, దేనికో ఒకదానికి పనికొస్తోంది.

జనవరి 18, ఆదివారం

యెహెజ్కేలు గారు చర్చి నుంచి అటే మా ఇంటికి వచ్చారు. రెండేళ్ళ కిందట శ్యాంని వెతికి ఒడ్డుకి తెచ్చింది ఈయనే. మా గడప దాటి రారు, అరుగు మీదే కూర్చుంటారు. మేడంగారూ, మాకు మూఢాలు గట్రా లేవు కదండీ, మీరు ఊఁ అంటే ఆ పట్టాలు నేను కోసేస్తానండీ, నన్నెవరు అడుగుతారు అన్నారు.

అడుగుతారు. ఆయన్నే ముందు అడుగుతారు. ఆ తరవాత మతం అంటారు, గొడవ అంటారు, ఆయన పడవని రేవులో కట్టనివ్వరు. అందుకే వద్దన్నాను. ఆయనతో ఇదే చెప్పాను.

ఇది నిజమే కానీ మొత్తం నిజం కాదు. ఓపెనింగ్ కాకుండా పట్టాలు విప్పేస్తే ఇక ఓపెనింగే ఉండదు. శ్యాంబాబు అనే పేరు ఒక్కసారి మైకులో చదివి, జనం అందరూ వినేలా, ఇతను ఇంకొకరి పిల్లాడి కోసం పోయాడని ఎవరైనా చెబితే వినాలని ఉంది. అత్తయ్య కూడా వినాలని ఉంది. ఇంకెన్నాళ్ళులే, ఒక నెల అనుకున్నాను.

జనవరి 30, శుక్రవారం

పౌర్ణమి ఏర్పాట్లు జోరుగా ఉన్నాయి. పెద్దాయన కూడా స్నానానికి వస్తారట. స్నానానికి మూఢం లేదు కాబోలు. సరుగుడు కర్రల లోడు దిగింది, ఆయనకి వేరే బారికేడ్ కడతారు. ఆ ఒక్కరోజుకైనా పట్టాలు తియ్యండి అని మళ్ళీ అడిగాను. హోమ్‌గార్డులు ఉంటారు, గజ ఈతగాళ్ళని కూడా పెడుతున్నాం, నువ్వు ఊరికే కంగారు పడి అందర్నీ కంగారు పెట్టకు అన్నారు బావగారు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి స్తంభం పక్కనే నిలబడతాను. అంతకంటే ఏం చెయ్యగలను.

ఫిబ్రవరి 1, మాఘ పౌర్ణమి

రాయలేను.

ఫిబ్రవరి 2, సోమవారం, పొద్దున్న

స్కూల్‌కి లీవ్ పెట్టాను. రాస్తే తప్ప తల బరువు దిగేలా లేదు.

నిన్న ఎండ బాగా ఎక్కాక. నాలుగో స్తంభం దగ్గర నిలబడ్డాను. ఒడ్డంతా తలలే. ఒక అమ్మాయి, పేరు ఆశాజ్యోతి అని తరవాత తెలిసింది, మోకాళ్ళ లోతులో నిలబడి దోసిట్లో నీళ్ళు పోసుకుంటోంది. వెనక్కి పోయే అల కాళ్ళ కింద ఇసక లాగేసింది. కూర్చున్నట్టు పడింది. లేచేసరికి నడుం లోతు, ఇంకో అలకి మెడలోతు. అరిచినా ఎవరికీ వినపడలేదు, పక్కన మైకులో గోవిందనామాలు.

నేను పట్టాకి కట్టిన పురికొస లాగాను. రాలేదు. పళ్ళతో లాగాను. కొబ్బరిబొండాల బండి దగ్గరికి పరిగెత్తి కత్తి లాక్కున్నాను, ఆయన అమ్మా అమ్మా అంటూ వెనకే వచ్చాడు. పట్టా నిలువునా కోశాను. రింగు ఉంది.

తాడు లేదు.

కొక్కెం ఖాళీగా ఉంది. కింద ఇసకలో చూశాను, స్తంభం వెనక చూశాను. తలెత్తితే కనపడింది. పెద్దాయన బారికేడ్. సరుగుడు కర్ర నుంచి కర్రకి, నాలుగు స్తంభాల తాళ్ళూ కలిపి, నీటుగా రెండు వరసలు కట్టారు. పట్టా కింద చెయ్యి పెట్టి లాగేసుకున్నారు. రింగుకి ముహూర్తం కావాలి, తాడుకి అక్కర్లేదు.

వెళ్ళి ముడి విప్పబోయాను. ఒక హోమ్‌గార్డు వచ్చి, మేడం దాన్ని ముట్టుకోకండి, సార్ వచ్చేస్తున్నారు అన్నాడు. అక్కడ అమ్మాయి మునుగుతోంది చూడు అన్నాను. అతను చూశాడు. నిజంగానే చూశాడు, మొహం పాలిపోయింది, అయినా చెయ్యి మాత్రం తాడు మీంచి తియ్యలేదు. ఆ చేతిని నేను తిట్టను. ఎవరో అక్కడ పెట్టి వెళ్ళిన చెయ్యి అది.

అప్పటికే ఆ అమ్మాయి అన్న దిగాడు. సుకుమార్. దిగకండి, దిగకండి అని గొంతు చించుకున్నాను. ఒకరి మాట విని ఎలా ఆగుతాడు, మునుగుతున్నది అతని చెల్లెలు కదా. శ్యాం కూడా ఇలాగే ఎవరి మాటా వినుండడు.

రింగు విసిరాను. తాడు లేకుండానే. నా జీవితంలో ఏదీ అంత దూరం విసరలేదు. అమ్మాయికి అందింది. రెండు చేతులూ దూర్చి పట్టుకుంది. అల వెనక్కి వెళ్తూ రింగుతో సహా ఆమెని లోపలికి తీసుకుపోయింది. నా చేతిలో తాడు కొస ఉండి ఉంటే లాగేదాన్ని, ఒడ్డున ఉన్న ప్రతివాడూ లాగేవాడు. సుకుమార్ రింగు వెనకే ఈదాడు. అది దూరం అవుతూనే ఉంది. కాసేపు రెండు తలలు కనపడ్డాయి. తరవాత ఒకటే.

యెహెజ్కేలు గారు పడవ వేసుకెళ్ళి అమ్మాయిని తీసుకొచ్చారు. రింగులోంచి చేతులు విడిపించడానికి చాలాసేపు పట్టింది. సుకుమార్ సాయంత్రం దొరికాడు, రేవుకి దిగువన.

గజ ఈతగాళ్ళు బారికేడ్ లోపల ఉన్నారు. పెద్దాయన రాలేదు. దారిలోనే సంగతి తెలిసి కారు వెనక్కి తిప్పించారట.

ఫిబ్రవరి 2, మధ్యాహ్నం

యెహెజ్కేలు గారు కోసేస్తానన్న రోజే ఊఁ అని ఉంటే తాళ్ళు అందరి కళ్ళముందూ ఉండేవి. ఎవరూ విప్పుకుపోయేవాళ్ళు కారు. మైకు కావాలన్నాను కదా. గోవిందనామాలు వినిపించింది మైకు.

ఫిబ్రవరి 4, బుధవారం

బావగారు ఓదార్చడానికి వచ్చారు. కాఫీ ఇచ్చాను. కాసేపు వాతావరణం గురించి మాట్లాడి, ఊళ్ళో ఆడవాళ్ళు ఏదో అనుకుంటున్నారమ్మా, నేననడం కాదు, మూఢంలో, ఓపెనింగ్ కాని వస్తువుని, అందులోనూ మొదటిసారి పడాల్సిన చెయ్యి పడకుండా తీశారు కాబట్టే ఒక ప్రాణం పోయిందంటున్నారు, నువ్వు కొన్నాళ్ళు బీచ్ వైపు వెళ్ళకు అన్నారు.

తాడు గురించి అడగాలి, ఎవరు విప్పించారని అడగాలి, కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగాను.

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఇన్నాళ్ళూ ఆవిడ చెప్పిందీ ఇదే కదా, ఇప్పుడు తలాడిస్తుంది అనుకున్నాను. ఆ పిల్ల బతికిందా అని బావగారిని అడిగింది. బతికింది పిన్నీ అన్నారు. ఎవరి చేత్తో బతికిందిరా అని అడిగింది.

బావగారు కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. ఆ గ్లాసు అత్తయ్య చాలాసేపు తోమింది.

ఫిబ్రవరి 5

రింగు పోలీస్ స్టేషన్‌లో ఉందట. కేసు ప్రాపర్టీ. ఎప్పుడిస్తారంటే తెలీదన్నారు.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఆశాజ్యోతి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆ అమ్మాయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. చంకల కింద రింగు ఒరుసుకున్న చోట చర్మం ఎర్రగా ఉంది. వాళ్ళమ్మ నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఏ చేతుల గురించి ఊరంతా మాట్లాడుతోందో అవే.

తాడు సంగతి చెప్పడానికే వెళ్ళాను. చెప్పలేదు. నాకు తువ్వాలు సంగతి చెప్పినవాళ్ళు గుర్తొచ్చారు.

ఫిబ్రవరి 19, గురువారం

మూఢం వెళ్ళింది. మంచి ముహూర్తం. ఓపెనింగ్ అయింది.

టెంట్, కుర్చీలు, ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో పదకొండు మొహాలున్నాయి, అందులో కింద మూల శ్యాం. నన్ను ఆడవాళ్ళ వరసలో వెనక కూర్చోబెట్టారు. అక్కయ్య హారతిచ్చింది. పెద్దాయన రిబ్బన్ కత్తిరించారు. మైకులో శ్యాంబాబుని శ్యాంసుందర్ అన్నారు. ఇంతకాలం ఆ ఒక్క మాట కోసం ఆగాను. పక్కనున్నవాళ్ళెవరూ తప్పని చెప్పలేదు. సుకుమార్ పేరు తప్పుగా కూడా ఎవరూ చెప్పలేదు.

అత్తయ్యకి శాలువా కప్పుతాం రమ్మని స్టేజీ మీంచి పిలిచారు. మళ్ళీ పిలిచారు. ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. వినపడలేదేమో అన్నారు ఎవరో.

ఇప్పుడు స్తంభాలకి అద్దాల పెట్టెలు బిగించారు. ఒక్కోదానికి ఒక తాళం. పర్మిషన్ లేకుండా ఒక రింగు తీసేసుకున్నారు కాబట్టి సేఫ్టీ కోసమట. ఆ తీసుకున్నది నేనే. నాలుగో పెట్టెలో రింగు లేదు, అది స్టేషన్‌లో ఉంది, దాని తాడు కూడా మళ్ళీ రాలేదు. అయినా దానికీ తాళం వేశారు. తాళంచెవులు పంచాయతీ ఆఫీసులో ఉంటాయి. ఆఫీసు సాయంత్రం ఐదుకి మూసేస్తారు, ఆదివారం సెలవు. మొన్న పౌర్ణమి ఆదివారమే.

నేను రాసిచ్చిన బోర్డు పెట్టలేదు. పెట్టిన బోర్డు మీద ఇలా ఉంది: పంచాయతీ ఆస్తి. తాకరాదు.

ఇంటికొచ్చాక అత్తయ్య ఒక్కటే అడిగింది. ఆ తాళాలు ఇత్తడివా, ఇనపవా అని.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఆఫీసు సెలవు. టిఫిన్ అయ్యాక అత్తయ్య పచ్చడిబండ కొంగులో చుట్టుకుని, బీచ్‌కి పద అంది. అందరూ చూస్తుండగానే మూడు తాళాలు తను కొట్టింది. నాలుగోది నన్ను కొట్టమని బండ నా చేతికిచ్చింది. ఖాళీ పెట్టె. అందులో మా నూతి తాడుని, కొసకి మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా కట్టి, పెట్టి వచ్చాం.